వీపు విన్న మాట

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల నడుమ, ఇప్పచెట్ల లోయ ఒకటి ఉండేది. ఆ లోయలో కొండయ్య అనే ముసలి కొండముచ్చు ఉండేవాడు. అన్నిటికంటే ఎత్తైన కొమ్మ అతనిది. కింద దుప్పులు, అడవిపందులు, నెమళ్లు మేస్తుంటే పైన కొండయ్య కాపలా కాసేవాడు. పులి జాడ కనిపిస్తే "ఖక్! ఖక్!" అని అరిచేవాడు. ఆ అరుపు వినగానే కిందివాళ్లు పరుగందుకునేవాళ్లు. అంతే కాదు, తాను తిన్నంత తిని మిగతా పళ్లూ చిగుళ్లూ కిందికి రాల్చేవాడు. దుప్పులకి ఎండాకాలం వాటితోనే గడిచేది.

మంచివాడే. కాదని ఎవరంటారు? కాకపోతే, తాను మంచివాడినన్న సంగతి కొండయ్యకి కాస్త ఎక్కువగా తెలుసు.

ఆ లోయలో ఒక ఆట ఉండేది, పిల్లలూ. దాన్ని వీపాట అనేవారు. ఏటా ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఆడేవారు. ఒకరు అందరికీ వీపు పెట్టి కూర్చోవాలి. మిగతావారు ఒక్కొక్కరే వెనకగా వచ్చి, అతనిలో తాము చూసింది చెప్పాలి. మంచి చెబితే పచ్చాకు పెట్టాలి. లోపం చెబితే ఎండుటాకు పెట్టాలి. మన మొహమే మనకి కనపడదు, ఇక వీపేం కనపడుతుంది? పక్కవాళ్లు చెబితేనే తెలిసేది. ఆ ఆటకి కట్టుబాటు ఒక్కటే. వీపు విన్నది మొహం మరిచిపోవాలి. అంటే, చెప్పినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదు.

ఆ ఏడు కొండయ్య వంతు వచ్చింది. చెట్టు దిగి, తోక చుట్టుకుని, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ముందు నెమలి వచ్చింది. "మామా, నీ అరుపే మాకు ధైర్యం," అని పచ్చాకు పెట్టింది.

తర్వాత అడవిపంది వచ్చింది. "నీది పెట్టే చెయ్యి మామా," అని ఇంకో పచ్చాకు పెట్టింది.

మూడోదిగా చుక్కి అనే దుప్పి వచ్చింది. నిండుచూలాలు.

"మామా, నీ చూపు తగ్గింది," అంది. "మొన్న మోడుని చూసి పులి అని అరిచావు. నిన్న తోడేలు వాగు దాటి వచ్చినా అరవలేదు. పడుచువాడినెవరినైనా పక్కన కూర్చోబెట్టుకో మామా. నా కడుపులో బిడ్డ ఉంది, అందుకే చెబుతున్నా."

అని ఎండుటాకు పెట్టింది. ఆ ఆకు గలగలమంది.

కొండయ్య చెవులు కాలిపోయాయి. ఆమె చెప్పింది అబద్ధమైతే అంత మండేది కాదు. కొన్నాళ్లుగా ఎదుటి కొండ అతనికి మసకగానే ఉంటోంది. పొగమంచులే అని సర్దుకుంటున్నాడు. మండు వేసవిలో పొగమంచట!

గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆటలో తిరగకూడదు. అయినా తిరిగాడు.

"నాకు కళ్లు పోయాయంటావా? నేను రాల్చింది తిని బతుకుతూ, తిన్న ఇంటి వాసాలు లెక్కపెడతావా?"

"వాసాలు పుచ్చితే ఇల్లు కూలేది మనందరి మీదా మామా," అంది చుక్కి మెల్లగా.

మర్నాడు కొండయ్య చుక్కి నిలబడిన వైపు ఒక్క పండూ రాల్చలేదు. రెండోనాడు ఆమె మీదికి టెంకలు విసిరాడు. మూడోనాడు అందరూ వినేలా అన్నాడు. "చుక్కి పక్కన మేసేవాళ్ల కోసం నేను అరవను. తర్వాత మీ ఇష్టం."

అంతే. చుక్కి చుట్టూ చోటు ఖాళీ అయిపోయింది. ఆ సాయంత్రం నిండు కడుపుతో ఆమె ఒంటరిగా బోడిగుట్ట ఎక్కి వెళ్లిపోయింది. నెమలి ఈకలు సర్దుకుంటూ అటు తిరిగింది. అడవిపంది దుంపలు తవ్వుకుంటూ తల ఎత్తలేదు. ఆగమని ఒక్కరూ అనలేదు. పిరికిపందలు! నాకు ఇప్పటికీ వాళ్లంటే ఒళ్లు మంట.

ఏడాది తిరిగింది. మళ్లీ వీపాట రోజు వచ్చింది. వంతు కాకపోయినా కొండయ్యే వెళ్లి కూర్చున్నాడు. ఈసారి అన్నీ పచ్చాకులే పడ్డాయి.

"నీ చూపు డేగచూపు మామా," అంది నెమలి.

"నువ్వుండగా మాకు చీకూచింతా లేవు మామా," అంది అడవిపంది.

కొండయ్య ఆ కుప్పని తన మనవరాలికి చూపించాడు. చిగురు అని దాని పేరు. అదంటే అతనికి ప్రాణం. "చూశావా తల్లీ, మీ తాతంటే ఏమనుకున్నావు!" అన్నాడు. చిగురు ఆ ఆకుల్లో పొర్లి నవ్వింది.

నాలుగు రోజులకి, ఎండ ఎక్కకముందే చిగురు చెట్టు దిగి ఇప్పపువ్వు ఏరుకుంటోంది. కొండయ్య కొమ్మ మీద ఉన్నాడు. పొదల్లో ఏదో కదిలింది. కళ్లు చికిలించి చూశాడు. చుక్కలు! ఒంటి నిండా చుక్కలు.

'చుక్కి!' అనుకున్నాడు. 'ఏడాదికి బుద్ధొచ్చింది. కాళ్ల మీద పడడానికి వస్తోంది.'

అతని ఛాతీ పొంగింది. "ఎవరూ కదలకండి! వచ్చేది మన చుక్కే. రానివ్వండి," అని కేక వేశాడు.

నెమలి మెడ ఎత్తి చూసింది. ఆ నడక దుప్పిది కాదు. చెప్పాలని నోరు తెరిచింది. బోడిగుట్ట గుర్తొచ్చి మూసుకుంది. చప్పుడు చేయకుండా చెట్టెక్కి కూర్చుంది. అడవిపందికి వాసన తగిలింది. అది తన పిల్లల్ని తోలుకుని జారుకుంది. పైన కొండయ్య, చుక్కిని ఏమని క్షమించాలా అని మాటలు కూర్చుకుంటున్నాడు.

పొదలోంచి చిరుతపులి దూకింది.

"తా..." అని చిగురు పిలవబోయింది. ఆ పిలుపు అక్కడే ఆగిపోయింది.

ఎంతసేపు ఏడ్చాడో కొండయ్యకే తెలియదు. తర్వాత నెమలినీ పందినీ నిలదీశాడు. "నా కళ్లు పోయాయని మీకు తెలుసు! ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింది కదా మామా, ఒకతె," అంది అడవిపంది. "ఆమెకి ఏం జరిగిందో మేమంతా చూశాం."

కొండయ్య తడుముకుంటూ, పడుతూ లేస్తూ బోడిగుట్ట ఎక్కాడు. చుక్కి అక్కడ తన కూనతో ఉంది. బక్కచిక్కిపోయింది. కూన ఒక ఎండుకొమ్మని నాకుతోంది. కొండయ్య ఆమెకి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు.

"చెప్పమ్మా," అన్నాడు. "ఈసారి తిరగను. నాలో ఏం చూశావో ఉన్నదున్నట్టు చెప్పు."

ఆ గుట్ట మీద పచ్చాకు దొరకడమే గగనం. చుక్కి ఎక్కడెక్కడో వెతికింది. వచ్చి అతని వెనక ఒక ఆకు పెట్టింది.

"నువ్వు చాలా మంచివాడివి మామా," అంది. కూనని తీసుకుని వెళ్లిపోయింది.

కొండయ్య చెయ్యి వెనక్కి పెట్టి ఆ ఆకుని తడిమాడు. గలగలమంటుందేమోనని నలిపి చూశాడు. అది మెత్తగా, పచ్చిగా ఉంది.

నీతి: నిజం చెప్పమని అడిగి, చెప్పినవాళ్లని దండిస్తే, ఆ తర్వాత ఎంత వేడుకున్నా మనకి దక్కేవి పొగడ్తలే.