నక్క పట్టించిన చెవి దీక్ష

పెద్ద కాలువకీ వరిచేలకీ మధ్య ఒక మెరక ఉంది. నాలుగు తాటిచెట్లు, ఒక పశువుల పాక, కాలువ దాటడానికి రెండు తాటిదూలాల వంతెన, అంతే దాని ఆస్తి. కానీ చప్పుళ్ల విషయంలో మాత్రం అంత కలిగిన చోటు ఆ చుట్టుపక్కల లేదు. తెల్లారుతూనే ఊళ్లోంచి సన్నాయి సాధన వినపడేది. ఎండెక్కేసరికి మడుల్లో ఆడవాళ్లు నాట్ల పాటలు ఎత్తుకునేవాళ్లు. మధ్యాహ్నం మోటారు షెడ్డులో రేడియో సినిమా పాటలు పాడేది. పొద్దు వాలితే అవతలి పేటలో డప్పులు కాచి దరువు వేసేవాళ్లు. ఇక మబ్బు పట్టిందంటే, ఏ వేళైనా సరే, గట్టు పొడుగునా కప్పలు అందుకునేవి.

ఇన్నింటినీ ఇష్టంగా వినే ప్రాణి ఆ మెరక మీద ఒక్కటే, గేదె సింగారి. కాలువలో ముక్కూ కళ్లూ చెవులూ మాత్రం పైకి పెట్టి, రెప్పలు సగం వాల్చి, నెమరు వేస్తూ వినేది. సన్నాయి వింటుంటే నీళ్లు గోరువెచ్చగా అయినట్టుండేది. నాట్ల పాట వస్తే తనే మోకాళ్లలోతు బురదలో వెనక్కి వెనక్కి నడుస్తున్నట్టుండేది. డప్పు మోగితే నెమరు కూడా దరువుకే పడేది. కప్పల పాట మొదలైతే ఆకాశమూ కాలువా కలిసిపోయి, మబ్బుల్లో తేలుతున్నానో నీళ్లలో తేలుతున్నానో తెలిసేది కాదు. అది నిద్రా కాదు, మెలకువా కాదు. అంత సుఖం ఇంకెక్కడా లేదనుకునేది సింగారి.

మిగతావాళ్లకి ఇదంతా నవ్వులాట. "దున్నపోతు మీద వాన కురిసినట్టు, ఈవిడకేం తెలుస్తుందర్రా పాట?" అనేవాడు కుక్క బంటు. వాడికి డప్పు ఒక్కటే పాట, మిగతావన్నీ గోల. బాతు వరాలమ్మకి నాట్ల పాటలు తప్ప పనికిరావు. పుంజు కొండయ్య సన్నాయి పేరెత్తితేనే మెడ సాచి కూర్చునేవాడు. ముగ్గురూ ఒకచోట చేరితే తగువే.

ఆ తగువు అవతలి గట్టు మీది నక్క చెవిన పడింది. వరాలమ్మకి తొమ్మిది పిల్లలు, ఇంకా రెక్కలు రానివి. వాటిని చూసినప్పుడల్లా నక్కకి నోరూరేది. ఏం లాభం? గడ్డి కదిలితే చాలు, బంటు లేచి నిలబడేవాడు. ఇద్దరు కొట్టుకుంటే మూడోవాడికి పండగ అన్నారు కదా, ముగ్గురు కొట్టుకుంటుంటే నక్క ఊరుకుంటుందా! ఒక రోజు మెడలో తామరతూళ్ల దండ, నొసట బూడిద పెట్టుకుని వంతెన అవతలి కొసకి వచ్చి నిలబడింది.

బంటు గుర్రుమన్నాడు.

"ఆగు నాయనా, ఆగు. నేను మెరక మీద కాలు పెట్టను. నాలుగు మంచి మాటలు చెప్పి పోతాను," అంది నక్క. "మీలో ఎవరి పాట గొప్పదో తేల్చుకోలేక సతమతమవుతున్నారట?"

"తేలేదేముంది? డప్పే," అన్నాడు బంటు.

"ఓయబ్బో!" అంది వరాలమ్మ.

"అదిగో, మళ్లీ మొదలు," అంది నక్క. "దీనికి ఒకటే మందు, చెవి దీక్ష. పదకొండు రోజులు. ఎవరి పాట మోగుతున్నప్పుడు వాళ్లు చెవులు తెరవాలి. మిగతా వేళంతా బూరుగుదూది బిగించుకుని ఉండాలి. దీక్ష తప్పినవాడి పాట ఓడినట్టు. నిలబడ్డవాడి పాట గెలిచినట్టు."

దీక్ష అనేసరికి ముగ్గురికీ ఒళ్లు పులకరించింది. పైగా ఓడిపోవడం ఎవరికిష్టం?

నక్క నీళ్లలో ఉన్న సింగారి వంక చూసింది. "మరి నీ పాట ఏదమ్మా?"

"అన్నీ నావే పంతులుగారూ," అంది సింగారి. "పొద్దున్నపూట ఒకటి బాగుంటుంది, మబ్బు పడితే ఇంకోటి బాగుంటుంది."

"అయ్యో రాత! అన్నీ వినే చెవి చెవి కాదమ్మా, చెత్తబుట్ట."

అందరూ విరగబడి నవ్వారు. సింగారికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముక్కు కూడా నీళ్లలో ముంచేసింది.

మర్నాటి నుంచే దీక్ష మొదలైంది. తలా ఇంత దూది కూరుకున్నారు. వరాలమ్మ పిల్లల చెవుల్లో కూడా పెట్టింది. బాతుకి చెవులెక్కడున్నాయో వెతకడానికే అరపూట పట్టింది. సింగారికి ఉండబట్టలేదు. వీళ్లంత పెద్దవాళ్లు తప్పంటే తప్పే కాబోలు అనుకుని తనూ పెట్టుకుంది. ఆ ఒక్క పూటలో దానికి దిగులు పుట్టింది. నీళ్లు వట్టి నీళ్లలా ఉన్నాయి, మబ్బు వట్టి మబ్బులా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు గొప్ప వద్దు, గౌరవం వద్దు. నా పాటలు నాకుంటే చాలు," అని తల విదిలించి దూది కాలువలో పారేసింది. దాంతో ముగ్గురూ దాన్ని పలకరించడం మానేశారు.

అయిదో రోజు మధ్యాహ్నం మబ్బు దట్టంగా కమ్మింది. సన్నాయి వేళ దాటింది, నాట్లవాళ్లు గట్టెక్కి అన్నాలు తింటున్నారు, డప్పుకింకా పొద్దుంది. కొండయ్య పాక మీద, బంటు వంతెన కొసన, వరాలమ్మ గట్టున, దూది బిగించుకుని కునుకు తీస్తున్నారు. పిల్లలు అవతలి ఒడ్డున తుంగలో పురుగులు ఏరుకుంటున్నాయి. కప్పలు అందుకున్నాయి. బొంగురువి, సన్నవి, మధ్యలో టిక్కుటిక్కుమనేవి. సింగారి మెల్లగా ఆ పాటలోకి జారిపోయింది.

అలా తేలుతూ తేలుతూ ఉండగా, పాటలో ఒక చోట వెలితి తగిలింది. అవతలి గట్టున, చింతదొరువు అనే నీటిగుంట దగ్గర కప్పలు ఊరుకున్నాయి. కాసేపటికి అవి మళ్లీ అందుకున్నాయి గానీ వాటి ఇవతలివి ఆగాయి. తర్వాత ఇంకాస్త ఇవతలివి. ఆ నిశ్శబ్దం అడుగులో అడుగు వేసుకుంటూ తుంగ వైపు నడిచి వస్తోంది.

సింగారి నెమరు ఆపేసింది. కాళ్లున్నది ఏదో వస్తే తప్ప కప్పలు అలా ఆగవు.

"వరాలూ! బంటూ! నక్క! నక్కొస్తోంది!" అని రంకె వేసింది.

ఎవరూ కదల్లేదు. తుంగలోంచి నక్క తల బయటికొచ్చింది. "అరవమ్మా, గొంతు చించుకుని అరువు. దీక్షలో ఉన్నారు, వినకూడదు," అంది తాపీగా. "ఈ వేళ మోగే పాట ఎవరిదీ కాదుగా, అందుకే వచ్చాను."

గేదె అవతలి ఒడ్డెక్కి ఉరికేలోపు తొమ్మిది పిల్లలూ అయిపోతాయి. అంతలో పక్కనే ఉన్న వంతెన సింగారి కంటబడింది, దూలం మీద పొట్ట ఆనించి పడుకున్న బంటు కంటబడ్డాడు. రెండంగల్లో వంతెన ఎక్కి, ముందరి గిట్టలతో దూలం మీద మొదలుపెట్టింది. ధన్, ధన, ధన్! ధన్, ధన, ధన్! రోజూ పొద్దు వాలేవేళ తను నెమరు వేసే ఆ డప్పు దరువే, ఒక్క దెబ్బ తప్పకుండా.

దరువు దూలంలోంచి పాకి బంటు పొట్టకి తగిలింది. వాడి తోక ఊగింది. "అరె, అప్పుడే మొదలెట్టేశారా!" అని గబగబా రెండు చెవుల్లో దూదీ పీకేశాడు. దీక్ష ప్రకారం పీకాల్సిందే మరి!

చెవి తెరవగానే వినపడింది పిల్లల కీచుకీచు.

ఆ తర్వాత ఏమైందో నక్కనడిగితేనే బాగుంటుంది. ఒక పిల్లని నోట కరుచుకుంది గానీ, వంతెన దాటి దూకిన బంటు కోరలు తోకకి తగలగానే వదిలేసింది. తామర దండ తుంగకి చిక్కుకుంది, అది తెంపుకుని మడిలో పడింది. నాట్లవాళ్లు అన్నాలు వదిలి బురద గడ్డలతో కొడితే, నొసటి బూడిదా పరువూ అక్కడే కలిపేసి చేలకడ్డంపడి పరుగెత్తింది.

బంటు తట్టి లేపితే లేచిన వరాలమ్మ పిల్లల్ని లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, సింగారి మెడ మీద వాలి భోరుమంది. "తప్పయిపోయింది వదినా. నీకేం తెలుసన్నాం."

"ఏడవకు, పిల్లలు బెదురుతాయి," అంది సింగారి.

బంటు కాసేపు నేల గీరి, "అక్కా, ఆ కప్పల దాంట్లో ఏముందో నాక్కూడా చెబుతావా?" అని అడిగాడు.

"చెప్పేదేముంది, నీళ్లలోకి రా. మాట్లాడకుండా విను."

అన్ని పాటలకూ చెవి ఒగ్గినవాడికే, పాట ఆగిన చోటు కూడా తెలుస్తుంది.