కనుమ ఎక్కించిన పెట్రోలు

కోదండయ్య గారిని ఎవరేది అడిగినా ఆయన దానికి జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషి చేస్తున్న పని గురించి తిరిగి అడిగేవారు. వంట చేసే ఆవిడ మోక్షం గురించి అడిగితే పప్పు ఉడికిందా అన్నారు. తోటపని చేసే ముసలాయన పూర్వజన్మ గురించి అడిగితే బావిలో నీళ్లు ఎంతవరకు ఉన్నాయన్నారు. కొత్తగా వచ్చినవాళ్లు ఇది మాట తప్పించడం అనుకునేవారు. పాతవాళ్లకు మాత్రం ఒక సంగతి తెలుసు. ఆయన ఏదైనా అడిగారంటే ఓ నాలుగు రోజులు కళ్లు తెరుచుకుని తిరగాలి.

ఆయన ఆశ్రమం గిద్దలూరు దాటాక నల్లమల కొండలు మొదలయ్యే చోట ఉండేది. ఆశ్రమమంటే నాలుగు రేకుల గదులు, ఒక పాఠం చెప్పుకునే వసారా, ఒక చిన్న వైద్యశాల. వారానికి రెండు రోజులు ఒక డాక్టరమ్మ వచ్చి అక్కడ కూర్చునేది. అడవి గూడేల్లోని రోగుల్ని కారులో తీసుకొచ్చి, చూపించి, మళ్లీ గూడెంలో దింపిరావడం సుదర్శనం పని. ఆయన కంభంలో ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పి, ఉద్యోగం ముగిశాక వేదాంతం చదువుకుందామని ఇక్కడికి వచ్చాడు. వచ్చిన రోజునే గురువు ఆయన చేతిలో కారు తాళం పెట్టారు. ఎవరో భక్తుడు ఇచ్చి వెళ్లిన పాతికేళ్లనాటి తెల్లకారు అది. మూడేళ్లు గడిచాయి. తాళం చేతిలోనే ఉండిపోయింది. పుస్తకం చేతికి రాలేదు.

సుదర్శనం ఏ పనినీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. పొద్దున్నే లేచి బానెట్ ఎత్తి, పుల్ల లాగి ఇంజనాయిలు ఎంత ఉందో చూసేవాడు. రేడియేటర్లో నీళ్లు చూసేవాడు. వారానికోసారి చక్రాల్లో గాలి కొట్టించేవాడు. గాలి ఫిల్టరు తీసి దుమ్ము దులిపేవాడు, ప్లగ్గులు గీకి శుభ్రం చేసేవాడు. ఇదంతా కూలిపని అని ఆయన మనసులో ఉండేది. భక్తి ఎక్కడ చూపించాలో తెలియక, దాన్ని పెట్రోలులో చూపించేవాడు. బంకులో మామూలు పెట్రోలు ఒకటి, దానికన్నా ఖరీదైన ఎక్కువ రకం ఒకటి అమ్మేవారు. గురువు గారి బండికి ఆయన ఎప్పుడూ ఆ ఎక్కువ రకమే పోయించేవాడు. పైన పడే డబ్బు తన పెన్షన్లోంచి ఇచ్చుకునేవాడు. దేవుడి దగ్గర నలిగిన పూలు పెడతామా అన్నది ఆయన లెక్క.

ఇలా ఉండగా ఒంగోలు నుంచి హేమచంద్ర అనే అతను వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. వాళ్లది గ్రానైటు వ్యాపారం. అతని కొత్త కారు ఆశ్రమం ముందు ఆగితే, దాని పక్కన తెల్లకారు మేనమామ ఇంటికొచ్చిన పేద మేనల్లుడిలా కనిపించింది. అతను మాత్రం మంచివాడు, వినయం ఉన్నవాడు. ఆడంబరం వదులుకోవాలని వచ్చాడు కాబట్టి పట్టుబట్టలు మానేశాడు, మంచం మానేశాడు, కారుకు కూడా మామూలు పెట్రోలే పోయించడం మొదలుపెట్టాడు. వచ్చిన పదో రోజునే గురువు అతన్ని వసారాలో కూర్చోబెట్టి ఉపనిషత్తు పాఠం ప్రారంభించారు.

సుదర్శనం రెండు వారాలు ఓర్చుకున్నాడు. బండి తుడుస్తూ పాఠం వినబడేంత దూరంలో నిలబడేవాడు. మాటలు వినపడేవి కావు, గొంతులు వినపడేవి. ఒక సాయంత్రం గురువు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ఇన్నాళ్లూ గొంతులో ఆగినదాన్ని అడిగేశాడు.

"అయ్యవారూ, నిన్న వచ్చిన అతనికి పాఠం చెబుతున్నారు. నాకు మూడేళ్లుగా తాళం ఇచ్చి ఊరుకున్నారు. నేను తక్కువవాడినా?"

కోదండయ్య గారు, "కారెలా ఉంది?" అన్నారు.

బాగానే ఉందని సుదర్శనం చెప్పాడు. పనిలో పనిగా, తాను దానికి ఎక్కువ రకం పెట్రోలు తప్ప ఇంకొకటి తాకించనని కూడా చెప్పాడు. గురువు అలాగా అని తలూపి లోపలికి వెళ్లిపోయారు. ఆ రాత్రి సుదర్శనం భోజనానికి రాలేదు. మర్నాడు అడిగినవాళ్లకు కడుపులో బాగా లేదన్నాడు.

మూడో రోజు పొద్దున ఆయన బంకుకు వెళ్లేసరికి ట్యాంకు దాదాపు ఖాళీ. ఎక్కువ రకం పెట్రోలు అయిపోయిందని, లారీ సాయంత్రానికి వస్తుందని బంకులో చెప్పారు. రోగుల్ని తీసుకురావలసిన రోజు కాబట్టి ఆగే వీలు లేదు. మనసొప్పకపోయినా సగం ట్యాంకు మామూలుది పోయించాడు. దారి పొడుగునా ఇంజను చప్పుడు చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ తేడా తెలియలేదు. అయినా తప్పు చేసినవాడిలా కారును ఆశ్రమం వెనక నిలబెట్టాడు.

పన్నెండు దాటాక లింగన్న అనే చెంచు యువకుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని భార్య అంకమ్మకు ఎనిమిదో నెల. పొద్దున్నుంచి నొప్పి, మధ్యాహ్నానికి రక్తం కనబడింది. అంబులెన్సుకు ఫోను చేస్తే బండి వేరే ఊళ్లో ఉందని, రావడానికి రెండు గంటలు పడుతుందని చెప్పారట. డాక్టరమ్మ విషయం విని, ఆపరేషన్ అవసరం పడొచ్చు, రక్తం ఎక్కించవలసి రావచ్చు, ఆలస్యం చేయకుండా కనుమ దాటించి నంద్యాలకే తీసుకెళ్లమంది. కోదండయ్య గారు రెండు బండ్లూ వెళ్లమన్నారు. కొత్త కారు పెద్దది, కుదుపు తక్కువ, అందులో అంకమ్మను పడుకోబెట్టాలనుకున్నారు. గూడేనికి వెళ్లి ఆమెను ఎక్కించుకున్నాక డాక్టరమ్మ పక్కన కూర్చుంది. లింగన్న, అతని తల్లి సుదర్శనం బండిలో ఎక్కారు.

కనుమ మొదలయ్యే దాకా అంతా సవ్యంగానే జరిగింది. ఎక్కుడు మొదలయ్యాక ముందు వెళ్తున్న కొత్త కారు వేగం తగ్గడం సుదర్శనం గమనించాడు. రెండో మలుపు దగ్గరికి వచ్చేసరికి కిటికీలోంచి దాని చప్పుడు కూడా వినిపించింది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు టకటకమంటోంది. హేమచంద్ర ఎంత తొక్కినా అది లాగడం లేదు. మూడో మలుపులో బండిని పక్కకు తీసి ఆపేశాడు. దిగి చూస్తే అతని ముఖం పాలిపోయి ఉంది. లోపల ఇంజను హెచ్చరిక దీపం పసుపుపచ్చగా వెలుగుతోందని, తొక్కితే చప్పుడు పెరుగుతోంది తప్ప బండి కదలడం లేదని చెప్పాడు. అక్కడ ఫోనుకు సిగ్నలు లేదు. అంకమ్మ కళ్లు మూసుకుని పళ్లు బిగించి మూలుగుతోంది. డాక్టరమ్మ ఆమె నాడి పట్టుకుని తలెత్తింది.

"ఈమెను ఆ కారులోకి మార్చండి. ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఆగొద్దు."

నలుగురూ పట్టి మార్చారు. లింగన్న తల్లి హేమచంద్ర దగ్గర ఉండిపోయింది. సుదర్శనం స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఖరీదైన బండే ఎక్కలేకపోయిన చోటికి, పాతికేళ్ల బండి, అందులోనూ తాను పోయించిన తక్కువ రకం పెట్రోలు. మూడేళ్లలో ఒక్క రోజు పొరపాటు చేస్తే ఆ రోజే ఇలా రావాలా అనుకున్నాడు. లింగన్న ముందు సీట్లో కూర్చుని ఆయన వైపే చూస్తున్నాడు.

"పోతాదా సామీ?" అన్నాడు మెల్లగా.

సుదర్శనం రెండో గేరులో వేసి నెమ్మదిగా తొక్కాడు. బండి కదిలింది. నాలుగో మలుపు తిరిగింది. టకటకమనే చప్పుడు ఎప్పుడు మొదలవుతుందా అని ఆయన వింటున్నాడు. రోజూ వినే చప్పుడే వినిపిస్తోంది. ఇంజను వేడి చూపే ముల్లు సగంలోనే నిలిచి ఉంది. అయిదు, ఆరు, ఏడు. ఒక లారీ వెనకాల కాసేపు నిలబడి, మళ్లీ ఎక్కుడులోనే కదలవలసి వచ్చింది. అక్కడా అది మొరాయించలేదు. ఎక్కుడు అయిపోయి దారి చదునయ్యాక కారు తనంతట తానే తేలికపడినట్టు ముందుకు సాగింది. లింగన్న రెండు చేతులూ ముఖం మీద పెట్టుకున్నాడు. తాను ఎంతసేపటి నుంచి పళ్లు బిగించుకుని ఉన్నాడో సుదర్శనానికి అప్పుడు తెలిసింది.

నంద్యాలలో అంకమ్మను నేరుగా ఆపరేషన్ గదికి తీసుకెళ్లారు. లింగన్న గోడకానుకుని కింద కూర్చున్నాడు. సుదర్శనం అతని పక్కన కూర్చున్నాడు. గంటన్నర తర్వాత డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చి, ఆడపిల్ల, తూకం తక్కువే కానీ బాగుంది, తల్లికి గండం గడిచింది అని చెప్పింది. లింగన్న లేచి, ఏం చేయాలో తోచక, సుదర్శనం చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంజనాయిలు మరక పోని చెయ్యి అది. ఆయన దాన్ని వెనక్కి తీసుకోలేదు. బయటికి వచ్చి బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, మళ్లీ తుడుచుకున్నాడు.

సాయంత్రానికి లింగన్న తల్లిని తీసుకుని హేమచంద్ర కూడా చేరాడు. కనుమలో బండిని ఒక గంట నిలబెట్టి, తేలిగ్గా తొక్కుకుంటూ పాకినట్టు వచ్చానన్నాడు. తల్లీబిడ్డా క్షేమమని విన్నాక అతను కాసేపు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఇద్దరూ రెండు బండ్లూ తీసుకుని జిలానీ అనే మెకానిక్కు దగ్గరికి వెళ్లారు. అతను కథంతా విని, ఇంజను ముట్టుకోకుండానే కొత్త కారు పెట్రోలు మూత తెరిచి, లోపలి వైపు అంటించిన చీటీ చూపించాడు. ఈ బండికి ఎక్కువ రకం పెట్రోలే పోయాలని అందులో రాసి ఉంది.

"ఇది ఒత్తిడి ఎక్కువున్న ఇంజను సార్. మామూలు పెట్రోలు ఆ ఒత్తిడికి ఆగలేక, అంటుకోవలసిన క్షణానికి ముందే అంటుకుంటుంది. మీరు విన్న చప్పుడు అదే," అన్నాడు.

మరి తన బండి సంగతేమిటని సుదర్శనం అడిగాడు. దాని ఇంజను అంత గట్టిగా నొక్కేది కాదని, మామూలు పెట్రోలుకే దాన్ని తయారుచేశారని, ఎక్కువ రకం పోస్తే చెడిపోదు గానీ పోసినందుకు ఒక్క అడుగు అదనంగా ముందుకు పోదని జిలానీ చెప్పాడు. తర్వాత అలవాటుగా బానెట్ ఎత్తాడు. ఆయిలు పుల్ల లాగి చూశాడు, ఫిల్టరు విప్పి వెలుతురుకు పట్టి చూశాడు, ప్లగ్గు ఒకటి తీసి బొటనవేలితో రుద్దాడు. చూస్తూ చూస్తూ అతని ముఖంలో గౌరవం లాంటిది వచ్చింది.

"ఈ బండిని చూసుకునేదెవరు సార్?"

సుదర్శనం తానేనని చెప్పాడు. మూడేళ్లుగా తానేనని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు మునుపటి బరువు గొంతులో లేకపోవడం ఆయనకే వింతగా తోచింది. మూడేళ్ల తర్వాత మొదటిసారి కడుపు నిండా తిన్నవాడిలా ఆ పూట నంద్యాలలో భోంచేశాడు. పక్కన హేమచంద్ర నవ్వుకుంటూ, రేపటి నుంచి తన బండికి దాని చీటీలో ఉన్నదే పోయిస్తానన్నాడు.

మర్నాడు పొద్దున ఆశ్రమానికి వచ్చి ఇద్దరూ గురువు ముందు కూర్చున్నారు. హేమచంద్ర కనుమలో జరిగిందంతా దాచకుండా చెప్పాడు. సుదర్శనం తన వంతు వచ్చినప్పుడు కాస్త తడబడ్డాడు. పిల్ల పుట్టిందని, తల్లి లేచి కూర్చుని రాగిజావ తాగిందని చెప్పి, చివరికి లోపల మిగిలిన ఆ ఒక్కటీ కూడా చెప్పేశాడు. నిన్న తన బండిలో ఉన్నది తక్కువ రకం పెట్రోలేనన్నాడు.

కోదండయ్య గారు పాఠానికి లేవబోతూ ఆగి, ఆయన వైపు తిరిగారు.

"తక్కువ రకమని కనుమ అందా, సుదర్శనం?"