అల్లుడుగారు పీకిన కంచె

ఊఁ కొట్టండి మరి. ఊఁ కొట్టకపోతే నాకు నోరు పెగలదు.

అనగనగా, మీ ముత్తాతల ముత్తాతలు ఇంకా పుట్టని కాలంలో, సముద్రం ఒడ్డున ఓ పల్లె. ఆ పల్లెలో అసిరమ్మ అని ఓ ముసల్ది. మొగుడు లేడు, పడవ లేదు, వల లేదు. మరెలా బతికిందంటారా? తాడు లాగి బతికింది.

ఆ పల్లెకంతా ఒకటే పెద్దవల. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ తిప్పి దింపేవారు. ఒక తాడు ఒడ్డున ఈ చివర, ఇంకో తాడు ఆ చివర. రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకదానివైపు ఒకటి నడిచేవి. మధ్యలో కలిస్తేనే వల గట్టెక్కేది. తాడు మీద చెయ్యేసిన వాళ్ళందరికీ వాటా. ముసలీ ముతకా, దారినపోయే బైరాగీ, ఎవరైనా సరే. ఆ వాటాతోనే అసిరమ్మ పొయ్యి వెలిగేది.

అలా ఉండగా ఓ దొర వచ్చాడు. గాలి బాగుందన్నాడు. సరిగ్గా ఒడ్డు మధ్యలో మేడ కట్టాడు, చుట్టాలొస్తే విడిదికి. సరే, కట్టుకోనీ. ఊరుకున్నాడా? మేడ ముందున్న ఇసకంతా తనదేనని నీళ్ళదాకా ముళ్ళకంచె వేయించాడు. చేపల కంపు గిట్టదట మహానుభావుడికి! ఇంక రెండు జట్లూ కలిసేదెక్కడ? వల ఎండలో పడుంది. అసిరమ్మ పస్తులుంది.

అసిరమ్మ ఊరుకుందా? ఊరుకోలేదు. వెళ్ళి అడిగింది. దొర అరుగైనా దిగలేదు.

మళ్ళీ ఊరుకుందా? ఊరుకోలేదు. ఎవరి గేలానికో పడ్డ వంజరం చేప పట్టుకుని, పెద్దమనుషుల్ని వెంటేసుకుని వెళ్ళింది. కంపు గిట్టని దొర ఆ వంజరం లొట్టలేసుకుంటూ తిన్నాడు. తిని, కంచె సంగతి రేపు చూద్దామన్నాడు. ఆ రేపు రాలేదు.

మూడోసారి ఊరుకుందా? ఊరుకోలేదు. కాకపోతే ఈసారి అడగడానికి పోలేదు. దొర మామగారు బలగంతో మేడకి దిగారని విని, పల్లెవాళ్ళని వల వెయ్యమంది. కంచె ఉండగా వలేమిటే, మతిగాని పోయిందా అన్నారు.

"మీరు వల నీళ్ళలో దింపండి. ఒడ్డు సంగతి నాకొదిలెయ్యండి" అంది.

ఆవేళ కవ్వళ్ళ చేపల మంద పడింది. వల బరువెక్కింది. రెండు జట్లూ లాక్కుంటూ వచ్చి, అటూ ఇటూ కంచె దగ్గర ఆగిపోయాయి. లోపల ఇసకలో మామగారు నిలబడి వింత చూస్తున్నారు. అసిరమ్మ తాడు కొస కంచె మీదుగా ఆయన కాళ్ళ దగ్గరికి విసిరింది.

"చెయ్యేస్తారా బాబుగారూ? వేసినోళ్ళకి వాటా ఉంది."

పుట్టి బుద్ధెరిగాక ఆయన నీళ్ళ చెంబైనా ఎత్తి ఎరగడు. ఏమనిపించిందో ఏమో, పంచె ఎగ్గట్టి తాడు పట్టాడు. ఆయన వెనక కూతురు, కూతురి వెనక వంటవాడు, వంటవాడి వెనక బోయీలు. చిన్నపిల్లల్లా కేరింతలు కొడుతూ లాగారు. వల దగ్గరికొచ్చేసింది. వచ్చి ముళ్ళకి తగులుకుంది. కేకలు విని దొర పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చూస్తారల్లుడుగారూ? వల చిరిగిపోతోంది. కంచె పీకండి" అన్నారు మామగారు.

మామగారి మాట తీసెయ్యడానికి ఏ అల్లుడికి గుండె ఉంటుంది చెప్పండి? దొర మొదటి గుంజ పీకాడు. రెండోది పీకాడు. మూడోది పీకబోయి వెల్లకిలా నీళ్ళలో పడ్డాడు. ఒడ్డంతా నవ్వింది. నెత్తిమీద చేప ఒకటి గెంతేసరికి దొరకి కూడా నవ్వాగలేదు. రెండు జట్లూ కలిశాయి, వల గట్టెక్కింది.

అసిరమ్మ వాటాలు పంచుతూ దొర ముందూ ఓ కుప్ప పోసింది. నేను తాడు పట్టలేదుగా అన్నాడతను.

"కంచె పీకారు కదా బాబూ. అందరికంటే పెద్ద చెయ్యి మీదే" అంది.

మర్నాడు గుంజలు పాతడానికి పనివాళ్ళు వస్తే దొరే వెనక్కి పంపేశాడు. మళ్ళీ వల ఎప్పుడని మామగారు పొద్దున్నే ఒడ్డున కూచుంటే పాపం ఎలా పాతుతాడు?

అసిరమ్మ నిండుగా బతికి పోయింది. మేడ కూడా ఎప్పుడో ఇసకలో కలిసిపోయింది. ఇప్పటికీ ఆ పల్లెకి కొత్తల్లుడొస్తే, భోజనానికి ముందు ఒడ్డుకి తీసుకెళ్తారు. అక్కడ మూడు గుంజలు పాతి ఉంటాయి. మామగారు పీకమంటాడు, అల్లుడు పీకుతాడు, మూడోది ఊడగానే ఆడవాళ్ళు అసిరమ్మ పేరు చెప్పి అతగాణ్ణి నీళ్ళలోకి తోస్తారు.

ఆ గుంజలు ముందురోజు వాళ్ళే పాతుకోవాలి మరి. పీకుదామంటే ఆ ఒడ్డున ఇంకో కంచె లేదు.