చుక్కమ్మ మెడలో ఉచిత మువ్వ

మన జేబుల్లో ఫోన్లు మోగకముందే జంతువుల మెడల్లో మువ్వలు మోగాయండీ. ఆ ముచ్చటే చెబుతున్నా.

చెరకు తోటను ఆనుకుని ఓ పశువుల పాక. నోటికి తీరికలేని మేక, మాటకు ముందు నాలుగుసార్లు నెమరేసే గేదె, చుక్కల కోడి చుక్కమ్మ, రైతు వెంట పొలానికెళ్లే కుక్క సింగి, ఇవీ అక్కడి కాపురాలు. ఓ రోజు కంచె అవతల నక్క ప్రత్యక్షమైంది. మెడ నిండా మువ్వల దండ.

"చెల్లెమ్మల్లారా! తలా ఒక మువ్వ కట్టుకోండి. దారి తప్పితే చప్పుడు విని నేనే వెతికి తెస్తా. అంతా ఊరికే!"

"ఊరికేనా? ఒంట్లో బాగానే ఉందా నక్కా?" అంది గేదె.

"సేవ పెద్దమ్మా, సేవ! ఇదిగో షరతుల ఆకు. చదువుకుని ఓ కాలిముద్ర వేయండి."

చుక్కమ్మ ముందు ముద్ర వేసేసి, తర్వాత చదవబోయింది. అప్పటికే ఆకు మేక నోట్లో ఉంది.

"ఏం రాసుందే అందులో?"

"ఏమో! కాస్త వగరుగా ఉంది."

సింగి మాత్రం "నా మెడ జోలికి రావద్దు" అని గుర్రుమంది.

"నువ్వు ఎటెళ్తే వాడికెందుకే?" అని గేదె చుక్కమ్మను మందలించింది.

"నీకన్నీ అనుమానాలే పెద్దమ్మా! దాచుకోవడానికి నా దగ్గర ఏముంది, ఈకలు తప్ప?" అని చుక్కమ్మ మెడ తిప్పి ఘల్లుమనిపించింది.

నెల తిరిగింది. చుక్కమ్మ గడ్డివాము సందులో పన్నెండు గుడ్లు పెట్టి, పాకలో ఎవరికీ చెప్పకుండా పొదుగుతోంది. రోజుకొక్కసారి, మిట్టమధ్యాహ్నం, కుడితి తొట్టి దాకా వచ్చి నాలుగు గింజలు తిని వెళ్లేది. ఇంకో మూడు రోజుల్లో పిల్లలనగా, తొట్టి పక్కన దొప్పెడు నూకలతో కాకి కూర్చుని ఉంది.

"పొదిగే తల్లులకు ప్రత్యేకం! నక్క అన్నయ్య పంపాడు. రేపూ ఇదే వేళకు రా."

చుక్కమ్మ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. గేదె దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దమ్మా! నేనెవరికీ చెప్పలేదు, మేకకు కూడా!"

"మేకకు చెప్పినా తినేసేది. చెప్పింది మువ్వే."

"పద్దెనిమిది రోజులుగా అది సరిగ్గా మోగనే లేదుగా!"

"అదేనే చెప్పింది! రోజంతా ఊరంతా మోగే మువ్వ చటుక్కున ఊరుకుంది. పొద్దుకొక్కసారి వాము నుంచి తొట్టికి, తొట్టి నుంచి వాముకు. దానికి అర్థమేంటో నక్కకు తెలీదా?"

"అయితే నా పిల్లలు..." చుక్కమ్మ కాలి గోరుతో మువ్వ తాడు లాగింది. "ఇప్పుడే తెంపి పారేస్తా!"

"పారేస్తే మాత్రం? వాము ఎక్కడుందో వాడికి తెలిసిపోయిందిగా. ఉండు. వాముకు అవతలి పక్క ఎవరున్నారు?"

చుక్కమ్మ కళ్లు మెరిశాయి. సింగి ఈని వారమైంది. పొలానికి పోవడం మానేసి, నాలుగు కూనల్ని పొట్ట కిందేసుకుని అక్కడే ఉంటోంది. రైతు చెయ్యి చాచినా పళ్లు చూపిస్తోంది. మువ్వ కట్టించుకోలేదు కాబట్టి, ఆ సంగతి నక్క చెవిన పడలేదు!

మేక మువ్వ తాడు కొరికి తెంపింది. చుక్కమ్మ దూరం నుంచే మువ్వ విసిరింది.

"సింగక్కా, రేపొక్క పూట వేసుకుంటావా? నక్క కోసం."

"రేపటిదాకా ఎందుకు? ఇవాళే రమ్మను!" అంది సింగి.

మర్నాడు మధ్యాహ్నం, కాకి నూకలు పెట్టి ఎగిరిపోయాక, తొట్టి నుంచి వాము దాకా మువ్వ ఘల్లుఘల్లున నడిచి, అవతలి పక్కన ఆగింది. నక్క లొట్టలేస్తూ వచ్చి గడ్డిలో తల దూర్చింది.

"చెల్లెమ్మా, నూకలు రుచిగా ఉన్నాయా?"

"నూకల సంగతి తెలీదు అన్నయ్యా, నువ్వు రుచిగానే ఉన్నావు," అంటూ సింగి చెవి అందుకుంది.

నక్క సగం చెవి అక్కడే వదిలి చెరకు తోటలోకి దూకి నక్కింది. ఏం లాభం? మెడలో దండ ఉందిగా! వణికినప్పుడల్లా ఘల్లు, ఊపిరి తీస్తే ఘల్లు.

"వినిపిస్తోంది అన్నయ్యా! మూడో సాలులో ఉన్నావు!" అని సింగి మళ్లీ తరిమింది. మువ్వల మోత వాగు దాటి, గుట్ట దాటి, మరి వినిపించలేదు.

మూడో రోజు వాములోంచి కిచకిచలు మొదలయ్యాయి. "ఎంతమంది పిల్లలే?" అంది మేక.

"నీకెందుకు?"

"అబ్బే, ఊరికే అడిగా."

"ఊరికే అన్నావుగా, ఇక అస్సలు చెప్పను," అంది చుక్కమ్మ.

నీతి: దాచుకోవడానికి నా దగ్గరేముంది అనేముందు, కింద ఏ గుడ్లున్నాయో ఓసారి చూసుకోవాలి.