సాలెగూటికి కందిరీగ సలహా

కందిచేలో రెండు మొక్కల మధ్య గవరమ్మ అనే సాలెపురుగు గూడు కట్టుకుని ఉండేది. ఆవిడకి కళ్ళు ఎనిమిది, చూపు మాత్రం ఒక్కదానికీ సరిగ్గా ఆనదు. ఉన్న తెలివంతా కాళ్ళలోనే. గూటి నడుమ కూర్చుని కాలికో పోగు ఆనించుకుంటే, ఏ అంచున దోమ వాలినా ఇట్టే తెలిసిపోయేది. గూటి అంచునే ఒక లేతకొమ్మకి గుడ్ల సంచి గట్టిగా కట్టుకుంది. పిల్లలు ఇంకా బయటికి రాలేదు.

ఆ సంచి మీద సింగన్న అనే కందిరీగ కన్ను పడింది. ఓసారి అంచున కాలు పెట్టాడో లేదో, గవరమ్మ ఉరికొచ్చి పట్టు విసిరింది. బతుకుజీవుడా అని బయటపడ్డాడు. బలంతో కానిది మాటతో అవుతుందని వాడికి తెలుసు. కంది పూత రాలే రోజులు చూసి, మళ్ళీ వచ్చి దూరంగా ఒక ఆకు మీద వాలాడు.

"ఏం అక్కా, పొద్దున్నించీ అటూ ఇటూ ఒకటే పరుగు?"

"ఈ పూత నా ప్రాణం తీస్తోందిరా. పువ్వు రాలడం, ఈగ పడిందని నేను పరిగెత్తడం. ఇంతకీ నువ్వెందుకొచ్చావు?"

"అయిందేదో అయింది, ఓ మంచిమాట చెప్పిపోదామని. నా మట్టిగూడు చూశావా? గుద్దినా కదలదు. పువ్వు పడితే ఊగేదాన్ని ఇల్లంటారా ఎవరైనా?"

"పోగులతో కట్టింది ఊగక ఏం చేస్తుంది?"

"నాలుగు చివర్లా కట్టి వదిలేస్తే ఊగదూ మరి! అడుగడుక్కీ ఏ కొమ్మ అందితే ఆ కొమ్మకి ముడెయ్యి. ఎక్కడి కుదుపు అక్కడే ఆగిపోతుంది. హాయిగా కునుకు తీయొచ్చు."

పక్క మొక్క మీది మిడత ఊరుకోలేకపోయింది. "వదినా, మొన్న దొంగతనానికొచ్చినవాడు ఇవాళ ఇల్లు బాగుచేస్తానంటున్నాడు, చూసుకో."

"ఇల్లూ వాకిలీ లేనిదానివి, నువ్వా నాకు ఇంటి సంగతి చెప్పేది?" అంది గవరమ్మ.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. గవరమ్మ సాయంత్రానికల్లా అందిన కొమ్మకల్లా ముడులు బిగించింది. ఆ గుడ్లున్న కొమ్మకైతే మరీ ఎక్కువ వేసింది. మర్నాడు పూలు రాలాయి. గూడు ఊగలేదు. ఆవిడ మురిసిపోయింది.

ఈగ కూడా పడింది. అది గింజుకున్న గింజుడు మొదటి ముడి దాకా వచ్చి అక్కడే ఆగింది. నడుమ కూర్చున్న గవరమ్మకి ఏమీ తెలియలేదు. ఈగ కాసేపు కొట్టుకుని తప్పించుకుపోయింది. ఈ ఏడు ఈగలకి కరువొచ్చింది కాబోలనుకుని ఆవిడ పస్తు పడుకుంది.

సింగన్న వచ్చి అంచు పోగు మీటి చూశాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. సంచికి చిల్లుపెట్టి కొన్ని గుడ్లు తిన్నాడు. తల్లి అంత దగ్గర్లోనే ఉంది. అయినా కుదుపు ముడి దగ్గరే ఆగిపోయి, ఆవిడకి తెలియనే లేదు.

అక్కడితో పోతే బతికేవాడే. సంచి మొత్తం తన మట్టిగూటికి చేరేద్దామని ఆశపడ్డాడు. పీకితే రాలేదు. తెలివిగా గూటిని వదిలేసి, కొమ్మతో సహా విరుచుకుపోదామని దాన్నే కాళ్ళతో పట్టి బలమంతా పెట్టి లాగాడు. లేతకొమ్మ వంగింది. దానికి వేసిన ముడులన్నీ ఒక్కసారే గుంజాయి. గూడంతా బిగుసుకుని గవరమ్మ ఎనిమిది కాళ్ళూ జివ్వుమన్నాయి.

రెక్క విప్పేలోగా సింగన్న పట్టులో చుట్టుకుపోయాడు.

"అక్కా, ఇప్పుడు నీ గూటిని ముట్టుకోనైనా లేదే! కొమ్మనే కదా లాగింది. నీకెలా తెలిసింది?"

"పోగు పట్టుకున్నన్నాళ్ళూ తెలియలేదురా. కొమ్మ పట్టుకున్నావు. అన్నిటినీ కొమ్మకి ముడెయ్యమన్నది ఎవరు?"

పోయిన గుడ్లని తలచుకుంటూ గవరమ్మ ఇంకో చుట్టు బిగించింది.

నీతి: ఒక్కొక్కరినీ దోచేవాడు దొరక్కపోవచ్చు గానీ, అందరూ ఆనుకున్న కొమ్మని లాగినవాడు దొరక్కపోడు.