దాదాపీర్ చెవి మిషన్లు

దాదాపీర్‌కు కొన్నాళ్ళుగా తిండి సయించడం లేదు.

ప్రొద్దుటూరు బజారులో అతనికి చెవి మిషన్ల షాపు ఉంది. వినికిడి తగ్గినవాళ్ళకు పరీక్ష చేసి, సరిపోయే మిషన్ పెట్టి పంపడం అతని పని. కర్నూలులో ఒక డాక్టరు దగ్గర చాలా ఏళ్ళు ఉండి నేర్చుకున్నాడు. పనిలో లోపం లేదు. లోపమంతా తను రాసిన మాటల్లో ఉందేమోనని ఈమధ్యే అనుమానం మొదలైంది.

ఇప్పుడు జనం ముందుగా ఫోన్లో చూసుకున్నాకే షాపుకు వస్తున్నారని బావమరిది చెబితే, వెబ్‌సైట్ పెట్టించాడు. అందులో మాటలు మాత్రం తనే రాశాడు. పెద్ద ఊళ్ళ షాపులవాళ్ళు ఏం రాశారో చూసి, వాళ్ళకన్నా ఒక మెట్టు పైనే ఉండాలనుకున్నాడు. 'మీ చెవులకు మళ్ళీ యవ్వనం. పెళ్ళి పందిట్లో కూడా ప్రతి మాటా ముత్యంలా వినపడుతుంది. పెట్టుకున్న క్షణం నుంచే కొత్త జీవితం.' రాసిన రోజు భార్య రంజాన్‌బీకి చదివి వినిపించి మురిసిపోయాడు.

జనం వచ్చారు. జమ్మలమడుగు నుంచి, బద్వేలు నుంచి కూడా వచ్చారు. కానీ కొన్నాళ్ళకే వాళ్ళలో చాలామంది మిషన్‌ను డబ్బీలో పెట్టుకుని తిరిగొచ్చారు. కొందరు గొడవపడ్డారు. గొడవపడ్డవాళ్ళకు ఏదో ఒకటి సర్దిచెప్పి పంపగలిగాడు.

మైదుకూరు నుంచి వచ్చిన నాగసుబ్బమ్మ మాత్రం గొడవపడలేదు. మనవరాలి పెళ్ళి కోసమే ఆమె మిషన్ పెట్టించుకుంది. పందిట్లో మేళం మొదలుకాగానే తల పగిలిపోయినట్టయిందట. డోలూ, సన్నాయీ, పిల్లల అరుపులూ, గిన్నెల చప్పుడూ అన్నీ ఒకేసారి చెవిలోకి వచ్చి పడ్డాయట. తాళి కట్టే వేళకు ఆమె బయట కారులో తల పట్టుకుని కూర్చుని ఉంది. ఇదంతా నెమ్మదిగా చెప్పి, డబ్బీని బల్ల మీద పెట్టింది.

"నీ మిషన్ మంచిదే ఉంటాది నాయనా. నా చెవులకే ఆ యోగం లేదు."

ఆ ఒక్క మాట అని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచే దాదాపీర్‌కు తిండి సయించడం మానేసింది.

అతనికి గురువు ఖాదర్ స్వామి. పెన్న ఒడ్డున చిన్న పెంకుటింట్లో ఉండే సూఫీ పెద్దాయన. తురకలూ, హిందువులూ అందరూ ఆయన్ను స్వామీ అనే పిలుస్తారు. దాదాపీర్ పొద్దున్నే వెళ్ళి, ఆయన ముందు కూర్చుని, జరిగిందంతా చెప్పుకున్నాడు.

"నేను రాసింది పచ్చి అబద్ధం కాదు స్వామీ. అట్లని నిజమూ కాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే నా షాపు గడప ఎవరు తొక్కుతారు? ఏం రాయమంటారు?"

స్వామి నెమ్మదిగా తల ఊపారు.

దాదాపీర్‌కు ఆ తల ఊపడం సంగతి తెలుసు. అతని వృత్తే అది కాబట్టి చాలాకాలం కిందటే కనిపెట్టాడు. ఎదుటివాళ్ళ పెదవులు కదలడం ఆగగానే ఆయన తల ఊపుతారు. వచ్చినవాళ్ళు దాన్ని దీవెన అనుకుని కళ్ళకద్దుకుని పోతారు. స్వామికి వినపడదని ఆయన ముందు అనడానికి దాదాపీర్‌కు ఎప్పుడూ నోరు రాలేదు.

ఈసారి మాత్రం ఊరుకోలేకపోయాడు. ఫోన్ తీసి, వెబ్‌సైట్ తెరిచి ఆయన చేతిలో పెట్టాడు. స్వామి కళ్ళజోడు సర్దుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఒకచోట ఆగి, వెనక్కి జరిపి మళ్ళీ చదివారు. తర్వాత తలెత్తి దాదాపీర్ మొహంలోకి చూశారు.

"గురువారం రా," అన్నారు.

గురువారం సాయంత్రం నమాజు తర్వాత ఆ ఇంటి ముందు గదిలో జనం కూడతారు. ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటారు. ఆ రోజు గది నిండిపోయింది. దాదాపీర్ గోడవార కూర్చున్నాడు.

ముందుగా ఒకామె లేచింది. దూరంగా నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లోగొంతుతో చెప్పింది. ఆమె కొడుకులిద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోవడం మానేశారు. అన్నం కూడా వేరువేరుగా తింటున్నారు. చెప్పడం అయ్యాక చేతులు జోడించి, ఆయన తల ఊపుతారని ఎదురుచూసింది.

స్వామి తల ఊపలేదు. చెయ్యి ఎత్తి చెవి వెనక పెట్టుకున్నారు.

"నాకు వినపడలేదమ్మా. దగ్గరికొచ్చి మళ్ళీ చెప్పు."

ఎప్పుడూ ఆయన పక్కనుండే బాషా అనే శిష్యుడు కంగారుగా వంగి, తను చెబుతానన్నట్టు ఆయన చెవి దగ్గరికి వెళ్ళాడు. స్వామి అతన్ని చేత్తో పక్కకు జరిపారు.

ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. కొంగు తీసి మళ్ళీ చెప్పింది. స్వామి ఇంకోసారి అడిగారు. ఇంకోసారి చెప్పింది. ఈసారి ఆయన మొహం మారింది. ఆమెకు అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టుంది.

"పోయిన నెల కూడా ఇదే చెప్పుకుంటి గదా స్వామీ. తల ఊపితిరి."

"అప్పుడూ వినపడలేదమ్మా," అన్నారు స్వామి.

ఇప్పుడు వీళ్ళంతా లేచి వెళ్ళిపోతారనుకున్నాడు దాదాపీర్. ఇన్నాళ్ళూ తీసుకున్న దీవెనలన్నీ ఏమైనట్టని ఎవరైనా అడుగుతారనుకున్నాడు. ఆమె మాత్రం స్వామికి ఇంకా దగ్గరికి జరిగింది. ఇంతకుముందు ఎప్పుడూ చెప్పని సంగతులు కూడా చెప్పడం మొదలుపెట్టింది. స్వామి ఆగి ఆగి అడుగుతున్నారు. ఆమె ఆగి ఆగి చెబుతోంది.

అప్పుడే వెనక నుంచి ఒక పెద్ద గొంతు లేచింది. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఓబులేసుది. పక్కవాడు అతని చెవిలో సంగతి చెప్పినట్టున్నాడు.

"ఏం జరుగుతాందబ్బా ఆడ? స్వామికి వినపళ్ళేదంటనా? నాకూ వినపడదు. ఇన్నేండ్లుగా ఆయప్ప ఏం చెప్తాండాడో నాకు ఒక్క ముక్క తెలీదు. మొగం చూసిపోదామని వస్తాండా."

గది మొత్తం నవ్వింది. బాషా ఆ మాట చెవిలో చెప్పాక స్వామి కూడా నవ్వారు, అందరికన్నా ఎక్కువసేపు. ఓబులేసును ముందుకు రమ్మన్నారు. అతనితో పాటు ఇంకా ముగ్గురో నలుగురో ముసలివాళ్ళు లేచి, మొహమాటంగా నవ్వుకుంటూ ముందుకొచ్చి కూర్చున్నారు.

జనం పల్చబడ్డాక స్వామి దాదాపీర్‌ను పిలిచారు.

"నీ మిషన్ పెట్టుకుంటే ఈ గదిలో అందరి మాటా నాకు వినపడుతుందా?"

రోజూ షాపులో ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అది. జవాబు వెబ్‌సైట్‌లో ఉంది. దాదాపీర్ అది చెప్పలేదు.

"లేదు స్వామీ," అన్నాడు దగ్గరికి జరిగి. "ఫ్యాను చప్పుడు, వెనక గుసగుసలు, బయట ఆటోలు, అన్నీ కలిసొస్తాయి. మొదట్లో తలనొప్పి వస్తుంది. తీసి పారేయాలనిపిస్తుంది. రోజుకు కొంచెంసేపు పెట్టుకుని అలవాటు చేసుకోవాల. అయినా మీ పాత చెవులు తిరిగి రావు."

"మరి ఎందుకు?"

"ఇందాకటి అమ్మ ఉంది చూడండి. ఆమె ఎదురుగా కూచుని మామూలుగా మాట్లాడితే, రెండోసారి అడిగే పని ఉండదు."

స్వామి తన చెవి తడుముకున్నారు.

"అట్లయితే రేపు షాపుకు వస్తా. నాకూ పరీక్ష చెయ్యి."

దాదాపీర్ ఇంటికి నడిచి వెళ్ళాడు. ఆ పూట రంజాన్‌బీ పెట్టిన రొట్టెలన్నీ తిని, ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

మరునాడు స్వామికి పరీక్ష చేసి మిషన్ అమర్చాక, షాపు మూసి మైదుకూరు బస్సెక్కాడు. జేబులో నాగసుబ్బమ్మ డబ్బీ ఉంది. ఇంట్లో ఆమె, భర్త చెన్నకేశవులు ఇద్దరే ఉన్నారు. దాదాపీర్ ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నెమ్మదిగా, ఆమెకు అందేలా చెప్పాడు. పెళ్ళి పందిట్లో ఎవరికీ ఆ మిషన్ సరిగ్గా పనిచేయదు. అది తనకు తెలుసు. తెలిసీ అట్లా రాశాడు.

నాగసుబ్బమ్మ ముందుకు వంగింది.

"అంటే తప్పు నా చెవులది కాదా?"

"కాదమ్మా."

ఆమె చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుని, చెయ్యి చాపింది. దాదాపీర్ మిషన్ శబ్దం తగ్గించి చెవికి పెట్టాడు. కిటికీలు మూయించి, చెన్నకేశవుల్ని ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి మాట్లాడమన్నాడు.

ఆయన తల గోక్కుని, కాఫీ తాగుతావా అని అలవాటు కొద్దీ గట్టిగా కేకేశాడు.

"ఎందుకట్లా అరుస్తావు?" అంది నాగసుబ్బమ్మ. "ఊరంతా వినపడాల్నా?"

చెన్నకేశవులు నోరు తెరుచుకుని భార్యను చూశాడు. తర్వాత మామూలు గొంతుతో, చాలా జాగ్రత్తగా, అదే మాట మళ్ళీ అడిగాడు. తాగుతానంది ఆమె. మళ్ళీ పందిట్లాంటి చోట పెట్టుకోనని మాత్రం దాదాపీర్‌కు ఖండితంగా చెప్పింది.

తిరుగు బస్సులో దాదాపీర్ ఫోన్లో వెబ్‌సైట్ తెరిచి పాత మాటలన్నీ తీసేశాడు. కొత్తవి రాయడానికి పెద్దగా కష్టపడలేదు. గదిలో స్వామికి చెప్పిందీ, ఇప్పుడు చూసిందీ రాశాడు.

'ఈ మిషన్‌తో మీ పాత చెవులు తిరిగి రావు. మేళాల్లో, జాతరల్లో దీన్ని తీసి జేబులో పెట్టుకోండి. మొదట్లో చికాకు పెడుతుంది. గిన్నెల చప్పుడుకు కూడా కోపం వస్తుంది. రోజూ కొంచెంసేపు పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. ఇంట్లో మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే, మామూలు గొంతు చాలు. వచ్చేటప్పుడు మీతో ఎక్కువగా మాట్లాడే మనిషిని వెంట తీసుకురండి. కొందరికి మిషన్ అక్కరలేదు. పరీక్షలో ఆ సంగతి తేలితే చెప్పి పంపుతాం.'

రంజాన్‌బీ చదివి, ఇది మిషన్లు కొనండని రాసినట్టు లేదు, కొనొద్దని రాసినట్టుంది అంది. కానీ మళ్ళీ ఒకసారి చదివి, మా నాయన్ను తీసుకొస్తా, ఆయనకూ పరీక్ష చెయ్యమని అడిగింది.

తర్వాతి గురువారం దాదాపీర్ కొంచెం ముందుగానే స్వామి దగ్గరికి వెళ్ళాడు. ఆయన చెవికి మిషన్ ఉంది. దాని మీద ఆయనకు ఇంకా చికాకుగానే ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది. ఫోన్ చేతికిచ్చి, ఇంకేమైనా చేర్చాలేమో చెప్పమని అడిగాడు.

స్వామి చదివారు. కింద దాకా జరిపి చూశారు. మళ్ళీ పైకి జరిపి చూశారు.

"షాపు పొద్దున ఎన్ని గంటలకు తెరుస్తావో రాయలేదే," అన్నారు. "జనమంతా వచ్చి ఎండలో నిలబడాల్నా?"