హనుమక్క జోడీ

ఓబులేసుకు ఆడటానికి మనిషి దొరకడం లేదు.

లోకో షెడ్డులో డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కడుక్కుని, సాయంత్రం ఐదింటికల్లా మా జంక్షన్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి వస్తాడు. అతను పూల్ బల్ల గదిలో అడుగు పెట్టగానే అక్కడున్నవాళ్ళకి ఎక్కడలేని పనులూ గుర్తుకొస్తాయి. ఒకరు పాలు తేవాలి. ఒకరు నీళ్ళ మోటారు ఆపాలి. గార్డు దావీదు అయితే లేని అత్తగారిని చూడటానికి పోతాడు.

నేను టికెట్ కలెక్టర్ని. పారిపోయేవాళ్ళను పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ గదిలోంచి మాత్రం అందరికంటే ముందు పారిపోయేది నేనే.

మరి ఏం చేస్తాం? పూల్ ఆటలో ఒకరివి నిండు రంగు బంతులు ఏడు, ఇంకొకరివి చారల బంతులు ఏడు. ఎవరి ఏడూ వాళ్ళు పాకెట్లలో వేసుకుని, చివర నల్లబంతి వేసినవాడు గెలిచినట్టు. కర్రతో పొడిచేది తెల్లబంతిని; అది తగిలి మన బంతి పడాలి, అది ఆగిన చోటి నుంచే తర్వాతి దెబ్బ. బంతి పడినంతసేపూ కొడుతూనే ఉండొచ్చు. ఓబులేసు మొదలుపెట్టాడంటే ఏడూ వేసి, నల్లది కూడా వేసి, కర్ర గోడకు ఆనించి నవ్వుతాడు. అప్పటిదాకా మనం కర్ర మొనకు నీలం చాక్ రుద్దుకుంటూ నిలబడాలి. మొన అరిగేది తప్ప వంతు వచ్చేది కాదు.

ఆ గదిలో గోడకొక నల్లబోర్డు ఉంది. ఆడదలచినవాళ్ళు చాక్‌పీసుతో దాని మీద పేరు రాసుకోవాలి. తన పేరు రోజూ చెరిగిపోతోందని ఓబులేసు ఒకరోజు తెల్ల పెయింటు తెచ్చి, బోర్డు పైన, సరిగ్గా మధ్యలో, 'ఓబులేసు' అని రాసేసుకున్నాడు. అప్పటినుంచి దాని కింద ఎవరూ పేరు రాయలేదు.

అతనికి ఆట నేర్పింది దస్తగిరి సాహెబ్. వెనకటి రోజుల్లో ఆయన ఇక్కడ మార్కరు. అంటే బల్ల చూసుకునే మనిషి, స్కోరు చెప్పే మనిషి, ఎవరైనా తప్పు కొడితే దగ్గే మనిషి. రిటైరై పదేళ్ళయినా రోజూ వచ్చి బల్ల మీది పచ్చగుడ్డకు బ్రష్షు కొడతాడు, పోయేముందు బోర్డు తుడుస్తాడు. పదిహేనేళ్ళలో ఓబులేసును ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు.

"ఆడేదానికి మనిషే దొరకడం లేదు ఉస్తాద్," అన్నాడు ఓబులేసు. ఆ మాటలో బాధ పావు వంతు, గర్వం ముప్పావు వంతు.

ఆయన బ్రష్షు ఆపకుండా అడిగాడు. "దొరకడం లేదా, మిగల్లేదా?"

ఓబులేసు దాన్ని మెప్పుదల అనుకుని రెండు రోజులు సంతోషపడ్డాడు.

మూడో రోజు మా సెక్రటరీ వెంకోబరావు గారు వచ్చారు. ఆయనకు ఆ మధ్యే షుగర్ బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. రోడ్డు మీద నడుస్తుంటే కుక్కలు వెంటపడుతున్నాయి. అందుకని ఇన్‌స్టిట్యూట్‌కి ట్రెడ్‌మిల్ తెప్పించాలని, దానికి ఈ గదే అచ్చంగా సరిపోతుందని ఆయనకు తోచింది. బోర్డు ముందు నిలబడి కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"ఒక్క పేరు. ఒక్క మనిషికి ఇంత గది ఎందుకప్పా? రెండు వారాలు టైమిస్తా. ఆ ఆదివారం నేను వచ్చేసరికి బోర్డు మీద పది పేర్లుంటే బల్ల ఉంటాది. ల్యాకుంటే గోడౌన్‌కి పోతాది."

పద్దెనిమిదో ఏట ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఓబులేసు సాయంత్రాలన్నీ ఆ బల్ల దగ్గరే గడిచాయి. పెళ్ళినాడు కూడా ఒక ఆట ఆడి వెళ్ళి, తాళి ఆలస్యంగా కట్టాడు. ఆ బల్ల పోతే తానేమవుతాడో అతనికి తెలియదు. బ్రష్షు పట్టుకుని నిలబడ్డ ముసలాయన ఏమవుతాడో తలుచుకుంటే ఇంకా భయమేసింది.

"ఏం చేయల్ల ఉస్తాద్?"

"నలుగురూ ఆడేటట్లు ఆడు," అన్నాడు దస్తగిరి సాహెబ్.

ఓబులేసు దీన్ని తన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. తన బలం తగ్గించుకోవాలన్నమాట!

మర్నాడు ఎడమచేత్తో ఆడతానన్నాడు. సరే కదా అని నేను ఆశపడి ముందుకొచ్చాను. ఎడమచేత్తో ఏడూ వేశాడు. అప్పటిదాకా నన్ను ఓడించింది ఒక చెయ్యే. ఇప్పుడు రెండు చేతులూ ఓడించాయి.

ఆ మర్నాడు కర్ర వదిలేసి, వరండా తుడిచే మాపు కర్ర తీసుకున్నాడు. గార్డు దావీదుకు అంతకంటే మంచి అవకాశం రాదనిపించింది. పావుగంటలో ఆట అయిపోయింది. దావీదు చాలాసేపు ఆ మాపు కర్ర వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఓడిపోయినందుకు కాదప్పా. మాపు కర్రతో ఓడిపోతినని ఇంట్లో ఎట్ల చెప్పుకోవల్ల?"

తర్వాత ఓబులేసు కళ్ళకు తువ్వాలు కట్టుకున్నాడు. ఏడింటిలో మూడు వేశాడు. చూసినవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఎదురుగా ఆడినవాడు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

చివరికి కావాలని ఓడిపోదామనుకున్నాడు. నాతోనే ఆడాడు. నల్లబంతి వేసే చోట, పడితే ఆట పోయే తెల్లబంతిని పాకెట్లోకి కొట్టి, "అయ్యో!" అన్నాడు. వచ్చిన చిక్కల్లా, బంతి పడకముందే "అయ్యో" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. గెలిచినందుకు అంత ఏడుపు వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

అలా ఒక వారం గడిచేసరికి గదిలోకి వచ్చే నలుగురూ రావడం మానేశారు. మిగిలింది పార్శిల్ ఆఫీసు హనుమక్క ఒక్కతే. ఆమె ఆడటానికి రాదు. ఇన్‌స్టిట్యూట్ మొత్తంలో ఆ గది ఫ్యానే బాగా తిరుగుతుంది. డ్యూటీ దిగాక దాని కింద కూర్చుని రాత్రి వంటకు అలసంద కాయలు ఒలుచుకుంటుంది.

"ఇంకేం కట్టుకోవల్ల ఉస్తాద్?" అన్నాడు ఓబులేసు దాదాపు ఏడుస్తూ. "చెయ్యి కట్టుకుంటి, కండ్లు కట్టుకుంటి. ఇంక కాళ్ళే మిగిలినాయి."

దస్తగిరి సాహెబ్ బ్రష్షు పక్కన పెట్టాడు. గోడకున్న కర్రలన్నీ ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. రెండే రెండు బయట ఉంచాడు. వరండాలో పేపరు చదువుతున్న నన్నూ దావీదునూ పిలిచి ఒక కర్ర ఇచ్చాడు. రెండో కర్ర తీసుకెళ్ళి హనుమక్క చేతిలో పెట్టాడు.

"నాకెందుకు సాహెబ్?" అంది హనుమక్క, ఒళ్ళో అలసందలు పట్టుకుని.

"జోడీకి ఒక కర్ర," అన్నాడు ఆయన. "ఇద్దరూ మార్చి మార్చి కొట్టల్ల." ఓబులేసు వైపు తిరిగాడు. "నీ తర్వాత ఆమె."

నేనూ దావీదూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గదిలో మాకు మొదటిసారి బతుకు మీద ఆశ పుట్టింది.

ఓబులేసు మొదటి దెబ్బకే ఒక బంతి వేశాడు. తెల్లబంతి బల్ల అంచు గోడలు రెంటికి తగిలి, బల్ల నట్టనడుమ, మా చారల బంతుల మధ్యకు పోయి ఆగింది. కర్ర హనుమక్కకు ఇచ్చాడు. హనుమక్క పొట్టి మనిషి. బల్ల మీదికి ఎంత వంగినా ఆమె చెయ్యి నడుమకు అందదు. ఊపిరి బిగబట్టి ఒక్క పోటు పొడిచింది. తెల్లబంతి గాల్లోకి లేచి, కిటికీ కింద పడి, బీరువా అడుక్కి దొర్లిపోయింది.

"ఏమక్కా అది?" అని అరిచాడు ఓబులేసు.

ఆమె కర్ర నిలబెట్టి పట్టుకుంది. "ఏమంటే? నువ్వు యాడ పెట్టినావు దాన్ని? ఇరవై రెండేండ్ల నుంచి పార్శిల్ ఎత్తుతాండా. కింద నుంచి అందించేటోడు చేతికి అందిస్తేనే పైనున్నోడు రైలు పెట్టెలో పెట్టేది. నువ్వు మూటను పట్టాల మీదికి ఇసిరేసి, అక్కా ఎక్కించుకో అంటాండావు."

దస్తగిరి సాహెబ్ దగ్గాడు. ఎవరి తప్పుకు దగ్గాడో మాకు తెలిసింది.

ఆ ఆట మేమే గెలిచాం. తర్వాతిదీ మేమే.

ఓబులేసు ఓడిపోయాడన్న వార్త స్టేషన్‌లో ఎనౌన్స్‌మెంట్ అక్కర్లేకుండానే పాకింది. మర్నాడు సాయంత్రం క్యాంటీన్ నుంచి ఉగ్గాని బజ్జీ పొట్లాలు కట్టించుకుని మరీ వచ్చారు జనం. చూసి పోదామని వచ్చినవాళ్ళకు, చూస్తున్నకొద్దీ చేతులు దురద పెట్టాయి. ఓబులేసును ఓడించే అదృష్టం ఉద్యోగంలో ఎన్నిసార్లు వస్తుంది? నేను చాక్‌పీసు తీసుకుని ఆ పెయింటు పేరు కింద నా పేరు రాశాను. నా కింద దావీదు రాశాడు. బుకింగ్ క్లర్కు ఒకడు రాసి, జోడీకి తన బావమరిదిని తెచ్చుకున్నాడు.

ఓబులేసు మాత్రం రోజూ ఓడిపోతున్నాడు. మొదటి రెండు రోజులు హనుమక్క మీద అరిచాడు. మూడో రోజు అరవలేదు. నాలుగో రోజు, ఆమె కొట్టేటప్పుడు బంతిని కాక ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఏ చేతి మీద ఆనుకుంటుంది, ఎంత దూరం వంగగలదు, ఎంత గట్టిగా పొడుస్తుంది. ఆమె తిన్నగా ఉన్న బంతిని తిన్నగా కొట్టగలదు. పక్కవాటుగా ఉంటే ఆమె వల్ల కాదు. ఇన్నాళ్ళూ ఆ గదిలోనే కూర్చున్న మనిషి ఎంత పొడవుంటుందో అతనికి ఆ రోజే తెలిసింది.

ఐదో రోజు వాళ్ళు ఒక ఆట గెలిచారు. హనుమక్క గెలిచిన సంగతి తెలియక కర్ర మళ్ళీ అతని చేతికి ఇచ్చింది.

ఆదివారం వచ్చింది. వెంకోబరావు గారు చేతిలో టేపు పట్టుకుని, ట్రెడ్‌మిల్‌కి కొలతలు తీసుకుందామనే వచ్చారు. గది నిండా జనం. లోపలికి రావడానికి ఆయనకే దారి దొరకలేదు.

ఆడుతున్నది ఓబులేసు, హనుమక్క. ఎదురు మేమిద్దరం. మాది ఒక చారల బంతి మిగిలింది. వాళ్ళది ఒక పసుపు బంతి, ఆ తర్వాత నల్లది. వంతు ఓబులేసుది.

పసుపు బంతిని అవతలి గోడకేసి కొట్టి, వెనక్కి వచ్చి మూల పాకెట్లో పడేలా చేయడం అతనికి పేరు తెచ్చిన దెబ్బ. "కొట్టు ఓబులేసూ, గోడకేసి కొట్టు!" అని జనం అరుస్తున్నారు. అతను వంగాడు. కర్ర ఆడించాడు. ఆ కర్ర ఎంత ఇష్టంగా కదిలిందో చూసి నాకు గుండె జారింది.

అతను లేచి నిలబడ్డాడు.

బల్ల చుట్టూ తిరిగి హనుమక్క నిలబడిన వైపు వచ్చాడు. మోకాళ్ళు వంచి, ఆమె ఎత్తుకు తగ్గి, అక్కడి నుంచి నల్లబంతి వైపు చూశాడు. మళ్ళీ వెనక్కి పోయి, పసుపు బంతిని పక్క పాకెట్లోకి మెల్లగా నెట్టాడు. అంతే. చిన్నపిల్లలు కూడా వేయగల బంతి. తెల్లబంతి మాత్రం బద్ధకంగా దొర్లుకుంటూ వచ్చి, హనుమక్క ముందు జానెడు దూరంలో ఆగింది. దానికి ఎదురుగా నల్లబంతి, దాని వెనక పాకెట్, మూడూ ఒకే గీత మీద ఉన్నాయి.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "ఏందప్పా, ఉత్తదే కొట్టినాడు," అన్నారెవరో.

ఓబులేసు కర్రను రెండు చేతులతో హనుమక్కకు అందించాడు.

ఆమె పొడిచింది. నల్లబంతి పడింది. గది కప్పు ఎగిరిపోయిందనుకున్నాను. దావీదు ఓడిపోయిన సంగతి మరిచిపోయి ఈల వేశాడు. జనమంతా హనుమక్క చుట్టూ మూగారు. ఓబులేసు ఒక్కడే ఒక పక్కన మిగిలాడు.

దస్తగిరి సాహెబ్ అతని పక్కకు వచ్చి, పచ్చగుడ్డ మీద తెల్లబంతి ఆగిన చోటును చూశాడు.

"ఇవాళ కొట్టినావు," అన్నాడు.

ఓబులేసు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చాక్ పొడి పడిందని మాతో చెప్పాడు. మేం నమ్మినట్టు నటించాం.

ఈలోగా వెంకోబరావు గారు బోర్డు దగ్గరికి చేరి, వేలితో ఒక్కొక్క పేరూ లెక్కపెట్టారు. "ఓబులేసుతో కలిపి తొమ్మిది. పదంటే పదే."

దావీదు ఈల ఆపేశాడు.

"నాది రాయలేదు కదా సార్," అంది హనుమక్క.

ఫ్యాను కోసం వచ్చే మనిషి కాబట్టి, తన పేరు రాసుకోవాలని ఆమెకూ తోచలేదు, మాకూ తోచలేదు. చాక్‌పీసు తీసుకుంది. కింద ఉన్న జాగా అంతా మేం నింపేశాం. పైన పెయింటు పేరుకు ఎడమ పక్కన ఖాళీ ఉంది. కుర్చీ వేసుకుని ఎక్కి, మూటల మీద ఊరి పేర్లు రాసే అలవాటు కొద్దీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాసి దిగాక అందరం చదివాం.

'హనుమక్క జోడీ ఓబులేసు.'

వెంకోబరావు గారు రెండుసార్లు చదువుకున్నారు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. కాసేపు అటూ ఇటూ చూసి, "మరి నాకు జోడీ ఎవరప్పా?" అన్నారు.

బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. దాని చుట్టూ తిరగడంతోనే సెక్రటరీ గారికి షుగర్ తగ్గిందని ఆయనే చెబుతారు.

రోజూ ఇంటికి పోయేముందు దస్తగిరి సాహెబ్ తడిగుడ్డతో బోర్డు తుడుస్తాడు. చాక్‌పీసు రాతలన్నీ పోతాయి, పెయింటు పేరు ఒక్కటే మిగులుతుంది. మర్నాడు ఐదింటికి ఓబులేసు వస్తాడు. కర్ర ముట్టుకోకముందే కుర్చీ లాక్కుని ఎక్కి, తన పేరుకు ముందు ఆ రెండు మాటలూ మళ్ళీ రాస్తాడు.